మెదడు పోటులో ఆక్సిజన్ చాలని కణజాలం: రేడియోధార్మిక ట్రేసర్లతో గుర్తింపు

నిర్వచనం

మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనికి గడ్డ అడ్డుపడితే, ఆ ధమనిని నమ్ముకున్న కణజాలమంతా ఒకేసారి చచ్చిపోదు. నడిమి భాగం నిమిషాల్లోనే పోతుంది. దాని చుట్టూ ఉన్న భాగానికి పక్క రక్తనాళాల నుంచి కొద్దిపాటి రక్తం అందుతూ ఉంటుంది. ఆ కొద్దితోనే అది పని మానేసి, ప్రాణం మాత్రం నిలుపుకొని కొన్ని గంటలు గడుపుతుంది. ఆక్సిజన్ చాలకపోయినా ఇంకా బతికే ఉన్న ఈ రెండో భాగాన్ని కనిపెట్టడానికి స్వల్ప మోతాదు రేడియోధార్మిక పదార్థాన్ని శరీరంలోకి పంపి, అది మెదడులో ఎక్కడ ఎంత చేరిందో బయటి నుంచి కొలుస్తారు. ఆ పదార్థాన్ని ట్రేసర్ అంటారు. జాడ తీసేది అని ఆ మాటకు అర్థం.

వాడుకలో ఈ జబ్బుకు పక్షవాతం అని పేరు. పక్షం అంటే ఒక పక్క. ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోవడమనే ఫలితాన్ని ఆ మాట చెబుతుంది, మెదడులో జరిగినదాన్ని చెప్పదు. మాట ఒక్కటే పడిపోయినా, ఒక వైపు చూపు పోయినా, నడక తూలినా అవీ స్ట్రోకులే. అందుకని ఈ వ్యాసంలో మెదడు పోటు, స్ట్రోక్ అనే మాటలు వాడాం. రక్తనాళం చిట్లి వచ్చే స్ట్రోకు సంగతి వేరు. అది ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

మెదడు ఆక్సిజన్ లెక్క

మనిషి బరువులో మెదడు వాటా సుమారు 2 శాతం. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడే ఆక్సిజన్‌లో దాని వాటా 20 శాతం దాకా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మెదడులో ప్రతి 100 గ్రాముల కణజాలానికీ నిమిషానికి 50 మిల్లీలీటర్ల వరకూ రక్తం వస్తుంది. ఆ రక్తం మోసుకొచ్చిన ఆక్సిజన్‌లో మెదడు దాదాపు 40 శాతం తీసుకొని మిగతాది వదిలేస్తుంది. ఈ 40 శాతాన్ని ఆక్సిజన్ గ్రహణ నిష్పత్తి అంటారు. మిగతా విషయమంతా ఈ అంకె చుట్టూనే తిరుగుతుంది.

రక్తం తగ్గడం మొదలైతే మెదడు ముందుగా తన రక్తనాళాలను వెడల్పు చేసుకుంటుంది. అదీ చాలనప్పుడు, వచ్చిన కొద్ది రక్తం నుంచే ఎక్కువ ఆక్సిజన్ లాక్కుంటుంది. గ్రహణ నిష్పత్తి 40 నుంచి 60కి, 80కి, ఒక్కోచోట అంతకు పైకీ పాకుతుంది. వదిలేసే మిగులు ఇక ఉండదు. ఆ తర్వాత కూడా రక్తం తగ్గితే ఆక్సిజన్ వినియోగమే పడిపోతుంది. ప్రవాహం నిమిషానికి 20 మిల్లీలీటర్ల దరిదాపుల్లోకి వచ్చేసరికి నాడీ కణాల విద్యుత్ చలనం ఆగిపోతుంది. చెయ్యి లేవదు, మాట రాదు. 10 మిల్లీలీటర్ల దరికి, ఇంకా కిందికి జారితే కణాల పొర పట్టు తప్పి లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది. పని ఆగిపోయే గీతకూ ప్రాణం పోయే గీతకూ మధ్య ఖాళీ ఉంది. ట్రేసర్లు వెతికేది ఆ ఖాళీలో ఉన్న కణజాలాన్నే.

దానికి పెనంబ్రా అని పేరు పెట్టారు. గ్రహణం పట్టినప్పుడు నడిమి చీకటికి చుట్టూ పడే పాక్షిక ఛాయకు ఉన్న పేరే ఇది. ఈ పోలికలో ఒక లోపం ఉంది. గ్రహణపు పాక్షిక ఛాయ వెలుగులోకి వస్తుందని ముందే లెక్క కట్టవచ్చు. మెదడులోని పెనంబ్రా ఎటు తేలుతుందో రక్తం ఎప్పుడు తిరిగి వస్తుందన్న దాని మీద ఉంటుంది.

చరిత్ర

ట్రేసర్ ఆలోచన హంగేరీలో పుట్టిన రసాయన శాస్త్రవేత్త జార్జ్ డి హెవెషిది. మాంచెస్టర్‌లో ఉన్న రోజుల్లో, తాను బస చేసిన ఇంటి యజమానురాలు మిగిలిపోయిన వంటకాన్నే మళ్లీ వడ్డిస్తోందని అనుమానించి, తన పళ్లెంలో మిగిలిన దాంట్లో కాస్త రేడియోధార్మిక పదార్థం కలిపి, తర్వాతి భోజనంలో దాన్ని పట్టుకున్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా పద్ధతి అదే. పదార్థం గుణం మారకుండా దానికి గుర్తు పెట్టాలి, గుర్తును వెంబడించాలి. ఈ కృషికి ఆయనకు 1943 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

మెదడు రక్తప్రవాహాన్ని ప్రాంతాల వారీగా కొలవడానికి 1960లలో డెన్మార్క్‌లో నీల్స్ లాసెన్, స్వీడన్‌లో డేవిడ్ ఇంగ్వర్ క్రిప్టాన్-85, జినాన్-133 వాయువులను వాడారు. స్ట్రోక్ తర్వాత కొన్ని చోట్ల రక్తం తక్కువగా కాక, అవసరానికి మించి పారుతోందని లాసెన్ 1966లో గుర్తించి దాన్ని విలాస ప్రవాహం అన్నాడు. కణజాలం వాడుకోగలిగిన దానికంటే ఎక్కువ రక్తం వృథాగా పారుతోందన్నమాట. రక్తం ఎంత వస్తోందో తెలిస్తే చాలదని, కణజాలం దాన్ని ఎంత వాడుకుంటోందో కూడా తెలియాలని దీనితో స్పష్టమైంది.

1977లో లండన్‌లోని క్వీన్ స్క్వేర్‌లో జెన్స్ ఆస్ట్రప్, లిండ్సే సైమన్, వారి సహచరులు బబూన్ కోతుల మెదడులో రక్తాన్ని అంచెలంచెలుగా తగ్గిస్తూ రెండు గీతలనూ విడివిడిగా కొలిచారు. విద్యుత్ సంకేతం ఆగిపోయిన తర్వాత కూడా, ప్రవాహం ఇంకా తగ్గేదాకా, పొటాషియం కణాల్లోనే ఉంది. ఆస్ట్రప్, సైమన్, సీస్యో 1981లో రాసిన వ్యాసంతో పెనంబ్రా భావన స్థిరపడింది.

కోతి మెదడులో ఎలక్ట్రోడ్ గుచ్చి చూసినదాన్ని మనిషిలో గుచ్చకుండా చూడాలంటే ఆక్సిజన్‌నే వెంబడించాలి. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో 1955 నుంచే రేడియోధార్మిక మూలకాలను తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం ఉండేది. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మిషెల్ టెర్-పొగోసియన్ బృందం రేడియోధార్మిక ఆక్సిజన్‌తో ముందునుంచీ పనిచేస్తూ ఉండేది. 1970ల నడుమ మైకేల్ ఫెల్ప్స్, ఎడ్వర్డ్ హాఫ్‌మన్‌లతో కలిసి పాజిట్రాన్ ఎమిషన్ టోమోగ్రఫీ, పొట్టిగా పెట్, యంత్రాన్ని నిర్మించింది కూడా అక్కడే. ఫ్రాన్స్‌లో జాన్ క్లోడ్ బారోన్ 1981లో ఒక రోగి మెదడులో రక్తం తగ్గి, గ్రహణ నిష్పత్తి పెరిగిన ప్రాంతాన్ని చూపించాడు. లాసెన్ మాటను తిరగేసి దానికి దైన్య ప్రవాహం అని పేరు పెట్టాడు. పుర్రె బయటి ధమనిని లోపలి ధమనికి కలిపే శస్త్రచికిత్స తర్వాత ఆ ప్రాంతం మామూలు స్థితికి వచ్చింది. విలాసం, దైన్యం అనే ఈ జంట పేర్లు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. శాస్త్రంలో ఇంత తేలిగ్గా గుర్తుండే పేర్లు అరుదు.

ఈ చరిత్రలో రెండో పాయ క్యాన్సర్ చికిత్స వైపు నుంచి వచ్చింది. ఆక్సిజన్ అందని కణితి కణాలు రేడియేషన్‌కు లొంగవు. వాటిని లొంగదీయడానికి మిసోనిడజోల్ అనే మందును ప్రయత్నించారు. నరాలను దెబ్బతీయడంతో మందుగా అది నిలవలేదు. అయితే అది ఆక్సిజన్ లేని కణాల్లోనే చిక్కుకుంటుందన్న గుణాన్ని జాడ తీయడానికి వాడుకోవచ్చని 1979లో చాప్‌మన్ సూచించాడు. దానికి ఫ్లోరిన్-18 తగిలించిన ఫ్లోరోమిసోనిడజోల్, అంటే ఎఫ్‌మిసో, 1980లలో తయారై ముందు కణితుల్లో, గుండెలో పరీక్షకు నిలిచింది. 1990లలో స్ట్రోక్‌కు వచ్చింది. దీన్ని స్ట్రోక్ రోగుల్లో క్రమబద్ధంగా వాడి చూసినవారిలో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కు చెందిన జెఫ్రీ డోనన్, స్టీఫెన్ రీడ్ బృందం ముఖ్యమైనది.

ఆక్సిజన్-15 పద్ధతి (చూ. సైక్లోట్రాన్)

ఆక్సిజన్-15 అర్ధ జీవితకాలం, అంటే సగం తరిగిపోవడానికి పట్టే సమయం, 122 సెకన్లు. తయారైన పది నిమిషాలకు అందులో ముప్పై వంతుల్లో ఒకటి మాత్రమే మిగులుతుంది. ఇరవై నిమిషాలకు వెయ్యో వంతు. సీసాలో పోసి ఇంకో ఊరికి పంపడం కుదరదు. సైక్లోట్రాన్ ఉన్న గది నుంచి స్కానర్ గదికి గోడ గుండా సన్నటి గొట్టం వేస్తారు. రోగి స్కానర్ బల్ల మీద పడుకొని మాస్కు పెట్టుకుంటే వాయువు తయారవుతున్న కొద్దీ నేరుగా ముక్కుకు చేరుతుంది.

పూర్తి పరీక్షకు మూడు కొలతలు కావాలి, వాటికి మూడు వాయువులు. కార్బన్ డయాక్సైడ్‌కు ఈ ఆక్సిజన్‌ను తగిలిస్తే ఊపిరితిత్తుల్లో అది నీటి అణువుకు మారుతుంది; ఆ నీరు రక్తంతో పారి రక్తప్రవాహాన్ని చూపుతుంది. ఇప్పుడు చాలాచోట్ల రేడియోధార్మిక నీటినే నేరుగా సూదితో ఎక్కిస్తున్నారు. కార్బన్ మోనాక్సైడ్ ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌ను అంటుకొని నాళాల్లోనే ఉండిపోతుంది కాబట్టి రక్త పరిమాణాన్ని చూపుతుంది. మూడోది రేడియోధార్మిక ఆక్సిజన్ వాయువే. కణజాలం ఎంత తీసుకుందో దానితో తెలుస్తుంది. ఈ మూడింటినీ కలిపి ప్రతి బిందువుకూ ప్రవాహం, గ్రహణ నిష్పత్తి, ఆక్సిజన్ వినియోగం లెక్కిస్తారు. మామూలు మెదడులో వినియోగం 100 గ్రాములకు నిమిషానికి మూడున్నర మిల్లీలీటర్ల లోపు ఉంటుంది. అది సుమారు 1.4 కంటే కిందికి పోయిన కణజాలం సాధారణంగా కోలుకోదు.

లెక్క కచ్చితంగా రావాలంటే ధమని రక్తంలో ట్రేసర్ ఎంత ఉందో క్షణక్షణం తెలియాలి. అందుకని మణికట్టు దగ్గర ధమనిలోకి సన్నటి గొట్టం దించి రక్తం తీస్తూ ఉంటారు. అదే రోగికి గడ్డ కరిగించే మందు ఇవ్వాల్సి ఉంటే ధమనిలో పొడిచిన ఆ చోటు నుంచి రక్తం కారే ప్రమాదం ఉంది. తల కదపకూడదని చెబితే అర్థం చేసుకోలేని స్థితిలో, మాట పోయి ఉన్న రోగులు చాలామంది. కాగితం మీద ఇంతకంటే కచ్చితమైన పద్ధతి లేదు. అర్ధరాత్రి అత్యవసర విభాగంలో ఇంతకంటే కష్టమైనదీ లేదు.

నైట్రోఇమిడజోల్ ట్రేసర్లు (చూ. ఎఫ్‌మిసో)

ఆక్సిజన్-15 పద్ధతిలో ఆక్సిజన్ లేమిని లెక్క కట్టి తెలుసుకుంటాం. ఎఫ్‌మిసోలో లేమి ఉన్న కణమే ట్రేసర్‌ను పట్టి ఉంచుకుంటుంది.

ఈ అణువుకు కొవ్వులో కరిగే గుణం తగుమాత్రం ఉండటం వల్ల రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను దాటి కణాల్లోకి వెళ్తుంది. లోపల ఎంజైములు దాని నైట్రో సమూహానికి ఒక ఎలక్ట్రాన్ ఇస్తాయి. పక్కన ఆక్సిజన్ ఉంటే అది ఆ ఎలక్ట్రాన్‌ను వెంటనే లాగేసుకుంటుంది. అణువు మళ్లీ మొదటి రూపానికి వచ్చి, వచ్చిన దారినే బయటికి పోతుంది. ఆక్సిజన్ లేకపోతే రెండో ఎలక్ట్రాన్, మూడోది చేరి, అణువు చురుకైన రూపాల్లోకి మారి కణంలోని పెద్ద అణువులకు గట్టిగా అతుక్కుంటుంది. ఇక బయటికి రాలేదు. కణజాలంలో ఆక్సిజన్ ఒత్తిడి సుమారు 10 మిల్లీమీటర్ల పాదరసం కంటే తగ్గితే ఈ అతుకు బాగా పెరుగుతుంది.

ఇందులో అసలు విలువైన అంశం ఎంజైములది. చచ్చిన కణంలో ఎలక్ట్రాన్ ఇచ్చే ఎంజైమే పనిచేయదు కాబట్టి అక్కడ ట్రేసర్ చిక్కదు. ఆక్సిజన్ బాగా ఉన్న కణంలోనూ చిక్కదు. ఆక్సిజన్ లేక, ప్రాణం మాత్రం ఉన్న కణంలోనే చిక్కుతుంది. పెనంబ్రా నిర్వచనం కూడా దాదాపు ఇదే.

అతుక్కోని ట్రేసర్ రక్తంలోకి తిరిగి వెళ్లి శరీరం నుంచి పోయేదాకా ఆగాలి. సూది వేసిన తర్వాత సాధారణంగా రెండు గంటలు పడుతుంది. ఫ్లోరిన్-18 అర్ధ జీవితకాలం దాదాపు 110 నిమిషాలు కాబట్టి ఆగిన సమయంలోనే సగానికి పైగా రేడియోధార్మికత తరిగిపోతుంది. అంత ఆగినా లేమి ఉన్న చోటికీ లేని చోటికీ తేడా పెద్దగా ఉండదు. మామూలు కణజాలం కంటే ఇరవై ముప్పై శాతం ఎక్కువ కనిపిస్తే అదే ఆక్సిజన్ లేమిగా తీసుకుంటారు. అందుకే మెల్‌బోర్న్ బృందం ఒక్కో రోగి బొమ్మను ఆరోగ్యవంతుల బొమ్మలతో గణాంక పద్ధతిలో పోల్చింది.

1998లో ఆ బృందం ప్రకటించిన ఫలితాల్లో, స్ట్రోక్ వచ్చిన 48 గంటల్లోపు పరీక్షించిన 13 మందిలో 9 మందికి ఆక్సిజన్ లేమి ప్రాంతాలు కనిపించాయి. అవి ఎక్కువగా చచ్చిన భాగం అంచుల్లో, దాని చుట్టుపక్కల ఉన్నాయి. కొద్ది రోజుల తర్వాత మళ్లీ పరీక్షిస్తే కనిపించలేదు. 2000 నాటి మరో అధ్యయనంలో, తొలుత లేమి కనిపించిన కణజాలంలో సగానికి కాస్త ఎక్కువ చచ్చిపోయిందని, మిగతాది ఎలాగో బతికి బట్టకట్టిందని తేలింది. ఒక రోజు గడిచాక కూడా కొందరిలో పెనంబ్రా మిగిలి ఉంది. మొదటి మూడు గంటలు దాటితే మెదడు పోయినట్టే అని అనుకుంటున్న కాలంలో ఇది చిన్న విషయం కాదు.

ఇతర ట్రేసర్లు

రాగి ఐసోటోపులతో చేసే ఏటీఎస్ఎం అనే పదార్థాన్ని జపాన్‌లో యసుహిసా ఫుజిబయాషి బృందం 1997లో పరిచయం చేసింది. ఆక్సిజన్ లేక మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు పేరుకుపోయిన కణంలో రాగి రూపం మారి అక్కడే ఉండిపోతుంది. ఎఫ్‌మిసోలా రెండు గంటలు ఆగనక్కర్లేదు, నిమిషాల్లోనే బొమ్మ వస్తుంది. రాగి-62ను సైక్లోట్రాన్ లేని చోట కూడా జింక్-62 జనరేటర్ నుంచి పిండుకోవచ్చు. దీన్ని ఎక్కువగా జపాన్‌లో ధమనులు మూసుకుపోయిన దీర్ఘకాలిక రోగుల మీద ప్రయత్నించారు. స్ట్రోక్ తొలి గంటల్లో దీని అనుభవం పరిమితం.

కార్బన్-11 ఫ్లుమజెనిల్ లక్ష్యం ఆక్సిజన్ కాదు. మెదడు పైపొరలోని నాడీ కణాల మీద ఉండే ఒక గ్రాహకానికి అది అతుక్కుంటుంది. ఎక్కడ అతుకు తగ్గిందో అక్కడ నాడీ కణాలు తిరిగిరాని దెబ్బ తిన్నట్టు. జర్మనీలోని కొలోన్‌లో వూల్ఫ్ డీటర్ హైస్ బృందం దీన్ని రక్తప్రవాహ కొలతతో జతచేసి, చచ్చినదీ చావబోయేదీ వేరుచేసింది. మెదడు లోపలి తెల్లపదార్థంలో ఈ గ్రాహకాలు దాదాపు లేవు. అక్కడ ఈ పద్ధతి పనిచేయదు.

టెక్నీషియం-99ఎం తగిలించిన హెచ్‌ఎంపీఏఓ వంటివాటితో, గామా కిరణాలను పట్టే స్పెక్ట్ కెమెరాల్లో తీసే బొమ్మలు రక్తప్రవాహాన్నే చూపుతాయి. ఆక్సిజన్ లేమి గురించి ఊహించుకోవాల్సిందే. టెక్నీషియాన్ని నైట్రోఇమిడజోల్‌కు తగిలించే ప్రయత్నాలు జంతువుల్లో ఆశ కలిగించినా స్ట్రోక్ వైద్యంలోకి రాలేదు.

బొమ్మ చదివే తీరు

మెదడు మధ్య ధమని మూసుకుపోయి నాలుగైదు గంటలైన ఒక రోగి ఆక్సిజన్-15 బొమ్మలను ఊహించుకుందాం. రక్తప్రవాహం బొమ్మలో ఒక పక్క అంతా మసక. ఆ మసక అంతా ఒకటేనా అన్నది ఈ ఒక్క బొమ్మలో తేలదు. గ్రహణ నిష్పత్తి బొమ్మ పక్కన పెడితే ఆ మసకే మూడుగా విడిపోతుంది. నడుమ వినియోగం అడుగంటి, నిష్పత్తి కూడా పడిపోతూ ఉంటుంది. అది పోయిన భాగం. దాని చుట్టూ నిష్పత్తి 70 శాతం దాటి మెరుస్తూ, వినియోగం తగ్గినా గీత పైనే ఉన్న పట్టీ కనిపిస్తుంది, అదే పెనంబ్రా. ఇంకా బయట ప్రవాహం కాస్త తగ్గి, నిష్పత్తి కాస్త పెరిగి, వినియోగం మామూలుగా ఉన్న అంచు ఉంటుంది. దాన్ని అల్పరక్త ప్రాంతం అంటారు. రక్తపోటు మరీ పడిపోతే తప్ప అది దానంతటదే తేరుకుంటుంది.

గడ్డ తనంతట కరిగి రక్తం తిరిగి వచ్చిన రోగిలో బొమ్మ తలకిందులవుతుంది. ప్రవాహం ఎక్కువ, నిష్పత్తి తక్కువ: లాసెన్ చెప్పిన విలాస ప్రవాహం. కొన్ని గంటల్లోపే ఇలా కనిపించి, వినియోగం కూడా నిలిచి ఉన్న రోగులు బాగా కోలుకున్నారని బారోన్ బృందం చూసింది.

ఎఫ్‌మిసో బొమ్మలో చిక్కు నడిమి చీకటి. అక్కడ ట్రేసర్ చేరకపోవడానికి కణాలు చచ్చిపోవడం ఒక కారణం కావచ్చు. మోసుకెళ్లడానికి రక్తమే లేకపోవడం ఇంకో కారణం కావచ్చు. ఎఫ్‌మిసో ఒక్కదానితో ఈ రెండూ విడదీయలేం. రక్తప్రవాహ బొమ్మ పక్కన ఉండాల్సిందే.

శస్త్రచికిత్స పరీక్షల్లో గ్రహణ నిష్పత్తి (చూ. కెరోటిడ్ ధమని)

1985లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరీక్షలో 1,377 మందిని తీసుకొని, పుర్రె బయటి ధమనిని లోపలి ధమనికి కలిపే శస్త్రచికిత్స స్ట్రోకులను తగ్గించదని తేల్చారు. ఎవరి మెదడు ఆక్సిజన్ కోసం అల్లాడుతోందో చూడకుండా అందరికీ చేస్తే అలాగే తేలుతుందని విమర్శ వచ్చింది. విమర్శకు బలం 1998లో సెయింట్ లూయిస్ నుంచి అందింది. మెడ గుండా మెదడుకు రక్తం మోసే కెరోటిడ్ ధమని పూర్తిగా మూసుకుపోయిన 81 మందిని విలియం పవర్స్, రాబర్ట్ గ్రబ్ బృందం పెట్‌తో పరీక్షించి, తర్వాతి కాలంలో గమనించింది. గ్రహణ నిష్పత్తి పెరిగి ఉన్న 39 మందిలో 12 మందికి స్ట్రోక్ వచ్చింది. పెరగని 42 మందిలో ముగ్గురికే.

సరైన రోగులను ఎంచే సాధనం దొరికింది కదా అని మళ్లీ పరీక్ష పెట్టారు. నిష్పత్తి పెరిగినవారినే తీసుకొని 195 మందితో జరిపిన ఆ పరీక్ష ఫలితం 2011లో వచ్చింది. రెండేళ్లలో స్ట్రోక్ వంటి కీడు శస్త్రచికిత్స చేసినవారిలో 21.0 శాతం, చేయనివారిలో 22.7 శాతం. తేడా లేదు. ప్రయోజనం తేలే అవకాశం లేదని పరీక్షను మధ్యలోనే ఆపేశారు. రక్తనాళాల అతుకు బాగానే పనిచేసింది, గ్రహణ నిష్పత్తీ మెరుగుపడింది. కానీ శస్త్రచికిత్స జరిగిన నెల రోజుల్లోపు 14.4 శాతం మందికి ధమని మూసుకుపోయిన పక్కే స్ట్రోక్ వచ్చింది. చేయనివారిలో అది 2.0 శాతం. పైగా మందులతోనే ప్రమాదం అనుకున్నదానికంటే బాగా తగ్గింది. ట్రేసర్ ప్రమాదంలో ఉన్నవారిని సరిగానే పట్టింది. ప్రమాదాన్ని పట్టుకోవడం వేరు, దాన్ని తప్పించడం వేరు అని చెప్పడానికి వైద్య చరిత్రలో ఇంత శుభ్రమైన ఉదాహరణలు తక్కువ.

ఎంఆర్ఐ, సీటీలతో పోలిక (చూ. డిఫ్యూజన్–పర్ఫ్యూజన్ వ్యత్యాసం)

స్ట్రోక్ వైద్యానికి గడియారమే యజమాని. పెద్ద ధమని మూసుకుపోతే నిమిషానికి సగటున 19 లక్షల నాడీ కణాలు పోతాయని జెఫ్రీ సేవర్ 2006లో లెక్క కట్టాడు. ఎఫ్‌మిసో కోసం ఆగే రెండు గంటలకు ఈ లెక్క వేస్తే 22 కోట్లు దాటుతుంది. పెనంబ్రా ఉందని, గంటల తరబడి నిలుస్తుందని నిరూపించిన పరీక్ష, ఆ గంటల్లో వాడటానికి పనికిరాకపోవడం ఈ రంగంలోని పెద్ద విచిత్రం.

ఆ ఖాళీని ఎంఆర్ఐ, సీటీ నింపాయి. ఎంఆర్ఐలో డిఫ్యూజన్ బొమ్మ పోయిన భాగాన్ని, పర్ఫ్యూజన్ బొమ్మ రక్తం తగ్గిన భాగాన్ని చూపుతాయి. రెండింటి తేడాను పెనంబ్రాగా తీసుకుంటారు. సీటీలో రంగు మందు ఎక్కించి నిమిషాల్లో ఇదే పని చేస్తారు. అయితే ఇవేవీ ఆక్సిజన్‌ను చూడవు. రక్తం ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి ఆక్సిజన్ సంగతి అంచనా వేస్తాయి. ఆ అంచనాలు ఎంత నమ్మదగ్గవో తేల్చడానికి పెట్ గీటురాయిగా పనికొచ్చింది. డిఫ్యూజన్‌లో చచ్చినట్టు కనిపించే భాగమంతా ఒకే స్థితిలో లేదని, కొంత ఇంకా ఆక్సిజన్ వాడుకుంటోందని కేంబ్రిడ్జ్‌లో బారోన్ బృందం చూపించింది. ఎంఆర్ఐ తేడా పెనంబ్రాను ఎక్కువ చేసి చూపుతోందని, అల్పరక్త ప్రాంతాన్ని కూడా అందులో కలిపేస్తోందని కొలోన్ బృందం తేల్చింది. రక్తం రాకలో ఆలస్యానికి ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు వాడే 6 సెకన్ల గీతకు దగ్గరి విలువే పెట్‌తో పోల్చినప్పుడు కూడా వచ్చింది.

2018లో ముద్రణకెక్కిన డాన్, డిఫ్యూజ్-3 పరీక్షలతో, ఇంకా బతికున్న మెదడును ముందే గుర్తించి చికిత్స చేయాలన్న ఆలోచనకు ఫలం దక్కింది. కొంత మెదడు ఇంకా బతికున్నట్టు బొమ్మల్లో తేలిన రోగులను ఎంచి, మొదటిదాంట్లో 6 నుంచి 24 గంటల మధ్య, రెండోదాంట్లో 6 నుంచి 16 గంటల మధ్య, గడ్డను గొట్టంతో బయటికి లాగారు. డాన్‌లో మూడు నెలలకు తమ పనులు తాము చేసుకోగలిగినవారు చికిత్స పొందినవారిలో 49 శాతం, పొందనివారిలో 13 శాతం. డిఫ్యూజ్-3లో 45, 17 శాతం. రెండు పరీక్షల్లోనూ రోగులను ఎంచడానికి ట్రేసర్ వాడలేదు. ఒక రోజు దాకా రక్షించదగిన మెదడు మిగిలి ఉండవచ్చని మనిషిలో ముందు చూపింది మాత్రం ట్రేసర్లే.

రేడియేషన్ మోతాదు

ఒక ఎఫ్‌మిసో పరీక్షలో శరీరానికి అందే మోతాదు ఇచ్చిన పరిమాణాన్ని బట్టి 3 నుంచి 5 మిల్లీసీవర్టుల వరకూ ఉంటుంది. నేల, ఆకాశం, తిండి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి సహజంగా అందేది 2.4 మిల్లీసీవర్టులు. స్ట్రోక్ రోగికి ఉన్న ముప్పుతో పోలిస్తే ఇది పట్టించుకోదగ్గది కాదు. గర్భిణుల విషయంలో మాత్రం తప్పనిసరైతేనే వాడతారు.

నేటి స్థానం

ఈ ట్రేసర్లు నేడు రోజువారీ వైద్యంలో కంటే పరిశోధనలోనే ఎక్కువగా ఉన్నాయి. జంతువుల్లో కొత్త మందుల పరీక్షకు, దీర్ఘకాలంగా ధమనులు మూసుకున్నవారి అధ్యయనానికి, కొత్త ఎంఆర్ఐ పద్ధతులను సరిచూడటానికి వీటి అవసరం పోలేదు. ట్రేసర్ ఏదీ లేకుండా ఎంఆర్ఐతోనే గ్రహణ నిష్పత్తిని కొలిచే ప్రయత్నాలు సాగుతున్నాయి. వాటికీ గీటురాయి ఆక్సిజన్-15 పెట్టే.

తెలుగు రాష్ట్రాల్లో పెట్ స్కాన్ అంటే ఎక్కువమందికి తెలిసింది క్యాన్సర్ పరీక్ష. అందులో వాడేది ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజ్. హైదరాబాద్ సైక్లోట్రాన్‌లలో తయారయ్యే ఫ్లోరిన్-18, దాని 110 నిమిషాల అర్ధ జీవితకాలం పుణ్యమా అని కొంత దూరం ప్రయాణించగలదు. ఆక్సిజన్-15 పక్క వీధి దాటే లోపే తరిగిపోతుంది. ఇక్కడ స్ట్రోక్ రోగి ఆసుపత్రి చేరగానే మొదట తీసేది సీటీ, అవసరాన్ని బట్టి ఎంఆర్ఐ. ఈ వ్యాసంలో చెప్పిన ఆక్సిజన్ ట్రేసర్లేవీ ఆ తొలి గంటల వైద్యంలో వాడుకలో లేవు.